బరువు ఎక్కువైతే వెన్నులో ఇచ్చే మత్తు మోతాదు పెంచాలా?

ప్రశ్న: మేము బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటున్నాము. నాకు ఇప్పుడు ఎనిమిదో నెల. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. మొదటి కాన్పు సిజేరియన్ కావడంతో ఈసారీ ఆపరేషనే అన్నారు. మా తోడికోడలు 54 కిలోలే ఉండేది. ఆమెకు వెన్నులో ఇచ్చినంత మందు నాకు సరిపోతుందా, రెట్టింపు ఇస్తారా? ఎక్కువైతే ఊపిరి ఆగిపోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: రెట్టింపు ఇవ్వరమ్మా. కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కగట్టే మందులు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. స్పైనల్ మత్తును మాత్రం నడుము దగ్గర సన్నటి సూదితో నరాల చుట్టూ ఉండే ద్రవంలోకే నేరుగా ఇస్తారు కాబట్టి, ఒంట్లోని కొవ్వుతో దానికి పెద్దగా సంబంధం ఉండదు. సిజేరియన్‌కు సాధారణంగా బ్యుపివకైన్ అనే మత్తుమందు 10 నుంచి 12 మిల్లీగ్రాములు, అంటే రెండు మిల్లీలీటర్లకు కాస్త అటూఇటూగా, ఫెంటానిల్ వంటి నొప్పి తగ్గించే మందు కొద్దిగా కలిపి ఇస్తారు. మీ తోడికోడలికీ మీకూ మోతాదులో పెద్ద తేడా ఉండకపోవచ్చు.

బరువు ఎక్కువగా ఉన్న గర్భిణుల్లో పొట్టలోని ఒత్తిడి వల్ల ఆ ద్రవం కొంత తగ్గి, మందు మరింత పైకి పాకే వీలుంటుందని కొందరు వైద్యులు మోతాదు కాస్త తగ్గిస్తారు. అయితే మరీ తగ్గిస్తే ఆపరేషన్ మధ్యలో నొప్పి తెలుస్తుంది, అప్పుడు పూర్తి మత్తు ఇవ్వాల్సి రావచ్చు. పూర్తి మత్తులో ఊపిరి కోసం గొంతులో గొట్టం వేయాలి, మీ బరువుకు అది కష్టం కావచ్చు కనుక, భయంతో మోతాదు బాగా తగ్గించడం నాకు సమ్మతం కాదు.

ఇక ఊపిరి సంగతి. సిజేరియన్‌కు తిమ్మిరి రొమ్ముల ఎత్తు వరకూ రావాలి. అక్కడి కండరాల స్పర్శ తెలియక ఛాతీ బరువెక్కినట్టు, గాలి చాలనట్టు అనిపిస్తుంది. కానీ ఊపిరికి ముఖ్యమైన డయాఫ్రం కండరానికి నరాలు మెడ నుంచి వస్తాయి గనుక అది పనిచేస్తూనే ఉంటుంది. చేతివేళ్లు పట్టు తప్పినా, గొంతు పెగలకపోయినా వెంటనే చెప్పండి. తల దగ్గర మత్తు డాక్టరు ఉంటారు. బీపీ పడిపోతే వాంతి వచ్చినట్టుంటుంది, దానికి మందు సిద్ధంగా ఉంచుకుంటారు.

మీ విషయంలో నేను మోతాదు కన్నా ఆపరేషన్ పట్టే సమయం గురించే ఎక్కువగా ఆలోచిస్తాను. రెండో సిజేరియన్‌లో లోపలి పొరలు అతుక్కుని ఉంటే ఆలస్యం కావచ్చు, ఒక్క స్పైనల్ మత్తు సుమారు గంటన్నర నుంచి రెండు గంటలే ఉంటుంది. స్పైనల్‌తో పాటు ఎపిడ్యూరల్ గొట్టం, అంటే వెన్నులో ఉంచే సన్నటి గొట్టం కూడా పెడితే అవసరమైనప్పుడు దాని గుండా మళ్లీ మందు అందించవచ్చు. ఆ సదుపాయం ఉందేమో ముందే అడగండి.

ఆపరేషన్ తేదీ వరకూ ఆగకుండా ఇప్పుడే మత్తు డాక్టరును కలవండి. కన్నడలోనో ఇంగ్లిషులోనో చెప్పింది అర్థం కాకపోతే తెలుగులో వివరించమనడానికి మొహమాటపడకండి. నిద్రలో గురక, ఊపిరి ఆగడం ఉంటే చెప్పండి. రక్తం పలచబడే ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్ తీసుకుంటున్నట్టయితే, తక్కువ మోతాదైనా చివరి ఇంజెక్షన్‌కూ వెన్ను సూదికీ మధ్య కనీసం 12 గంటలు ఉండాలి కాబట్టి, ఆ సమయం రాసి తీసుకువెళ్లండి.