మూడు ‘ఫౌండ్’లు, ఒక ‘ఎస్టాబ్లిష్’

ప్రశ్న: మా బడి స్వర్ణోత్సవ సంచికకు ప్రూఫులు దిద్దుతున్నాం. బడి పెట్టిన ఏడాది చెప్పేచోట ఒకరు ‘వాజ్ ఫౌండ్’ అని రాస్తే, ఇంకొకరు ‘వాజ్ ఫౌండెడ్’ అని మార్చారు. ఏది ఒప్పు? గొడవ లేకుండా ‘ఎస్టాబ్లిష్డ్’ అనేస్తే సరిపోతుందా?
– ఒక ఉపాధ్యాయిని, తిరుపతి

జవాబు: మార్చినవారిదే ఒప్పు. ‘వాజ్ ఫౌండ్’ అంటే బడి ఆ ఏడాది ‘దొరికింది’ అని అర్థం వస్తుంది.

ఈ ఒక్క పలుకులో మూడు వేరువేరు క్రియలున్నాయి. ఒకటి ‘ఫైండ్’కు భూతకాలం. అది ఇంగ్లీషు సొంత మాట. రెండోది స్థాపించడం. లాటిన్‌లో ‘ఫుందుస్’ అంటే అడుగు. అక్కణ్ణుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇక్కడ ‘ఫౌండ్’ అన్నదే మూలరూపం కాబట్టి భూతకాలానికి ‘ఎడ్’ తప్పనిసరి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ‘ఫౌండెడ్’. మూడోది లోహం కరిగించి మూసలో పోయడం. లాటిన్ ‘ఫుందెరె’, అంటే పోయడం, దీనికి మూలం. క్రియగా వాడుక తగ్గినా ‘ఫౌండ్రీ’లో నిలిచి ఉంది. మీ ప్రూఫుల్లోని ‘ఫాంట్’ కూడా ఈ ఇంటిదే. ఒక సైజు సీసపు అక్షరాలన్నిటినీ పోతపోసి సిద్ధం చేసుకున్న జత అది.

వీటికి మన వైపు చుట్టాలున్నారు. ‘ఫుందుస్’కు సంస్కృతంలో తోబుట్టువు బుధ్నం, అంటే అడుగు. ఉత్తరాభాద్ర నక్షత్రానికి అధిదేవత అయిన అహిర్బుధ్న్యుడి పేరులో ఉన్నది అదే: అడుగున ఉండే సర్పం. ‘ఫుందెరె’కు చుట్టం హోమం. అగ్నిలో నెయ్యి పోయడానికీ మూసలో కంచు పోయడానికీ ధాతువు ఒక్కటే కావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఇక ‘ఎస్టాబ్లిష్’. అది నిలబెట్టడం. లాటిన్ ‘స్టాబిలిస్’, అంటే స్థిరమైనది, నుంచి వచ్చింది. మన స్థాపన, స్థిరం పుట్టిన ‘స్థా’ ధాతువు కుటుంబమే. మీ వాక్యంలో నిశ్చింతగా వాడవచ్చు. అయితే అన్నిచోట్లా ఒకదాని బదులు ఒకటి కుదరదు. నిజాన్ని, నేరాన్ని రుజువు చేయడం ‘ఎస్టాబ్లిష్’ మాత్రమే. ఒక సంస్థకు తొలి పునాది వేసినవారిని చెప్పాలంటే ‘ఫౌండెడ్ బై’ అన్నదే సూటిగా ఉంటుంది. పాలనాపరంగా ఏర్పడ్డ వాటికి ‘ఫార్మ్‌డ్’ మేలు. చిత్తూరు జిల్లా 1911లో ‘ఫార్మ్‌డ్’ అంటాం.

ప్రూఫులో అనుమానం వస్తే ఆ చోట తెలుగు క్రియ పెట్టి చూడండి. ‘దొరికింది’, ‘కనిపించింది’, ‘తేలింది’ అతికితే ‘ఫౌండ్’. ‘స్థాపించారు’ అతికితే ‘ఫౌండెడ్’. మరో జాగ్రత్త: ‘ఫౌండర్’ నామవాచకమైతే స్థాపకుడు, క్రియ అయితే ఓడ నీట మునగడం, ప్రయత్నం చెడిపోవడం. అదీ ఆ ‘అడుగు’ నుంచే వచ్చింది. అందుకని సంచికలో ‘ది స్కూల్ ఫౌండర్డ్’ అని మాత్రం పడనివ్వకండి. కంప్యూటర్ స్పెల్లింగ్ తనిఖీ దాన్ని తప్పుగా చూపించదు.