దొంగిలించిన సినిమానా, దొంగ సినిమానా?

సందేహం: మా పాఠశాలలో పైరసీ మీద వ్యాసరచన పోటీ పెట్టాము. ఒక విద్యార్థి "కొత్త సినిమాను దొంగిలించి ఫోనులో చూస్తున్నారు" అని రాశాడు. నాతోపాటు దిద్దిన మాస్టారు ఆ వాక్యం కొట్టివేశారు. దొంగిలిస్తే వస్తువు సొంతదారు దగ్గర ఉండకూడదు, సినిమా థియేటర్లో ఆడుతూనే ఉంది కదా అని ఆయన వాదన. దొంగతనం కాదంటే తప్పే కాదని పిల్లలు అనుకుంటారేమోనని నా భయం. పైరసీని తెలుగులో ఏమనాలి? చౌర్యం అనవచ్చా?
– ఒక తెలుగు ఉపాధ్యాయురాలు, కావలి

సమాధానం: మీ మాస్టారు మాట అర్థాన్ని సరిగానే పట్టుకున్నారు. మీ భయం కూడా న్యాయమైనదే. ఆయన వాదనకూ మీ భయానికీ చోటిచ్చే మాటలు మన భాషలో ఉన్నాయి.

'దొంగిలించు' అన్నామంటే వస్తువు చోటు మారాలి. గొలుసు దొంగిలిస్తే మెడ బోసిపోతుంది. కాజేయు, అపహరించు, ఎత్తుకుపోవు అన్నవాటిలోనూ ఈ పోవడం ఉంది. విడుదలకు ముందే ఎడిటింగ్ గదిలోంచి హార్డ్ డిస్క్ పట్టుకుపోతే 'సినిమాను దొంగిలించారు' అనడం చక్కగా చెల్లుతుంది. నకలు తీసుకున్నప్పుడు ఆ క్రియ అతకదు.

'దొంగ' మరో మాట ముందు చేరినప్పుడు సంగతి వేరు. దొంగనోటు అంటే దొంగిలించిన నోటు కాదు. దొంగ సంతకం, దొంగ ఏడుపు, దొంగనిద్ర చూడండి. ఎవరి నిద్రనూ ఎవరూ ఎత్తుకుపోలేదు. అసలుది కాకుండానే అసలుదానిలా చెలామణి అయ్యేదాన్ని ఇలా అంటాం. దొంగనోటు అచ్చువేసినవాడు ఎవరి జేబులోనూ చెయ్యి పెట్టలేదు. అయినా అందరి జేబుల్లోని నోటుకూ చేటు చేశాడు. సీడీల కాలంలో మన బజారు 'దొంగ సీడీ' అనే మాటను తనంతట తానే పుట్టించుకుంది. పండితులెవరూ కూర్చుని తయారుచేయని ఆ మాట మీద నాకు చాలా గౌరవం. నోటుకు పట్టిన సూత్రాన్నే అది సీడీకి పట్టించింది.

'దొంగతనంగా' అనే క్రియావిశేషణం కూడా ఉంది. దానికి వస్తువు పోవడంతో పని లేదు. రహస్యంగా, అడగకుండా చేసిన పని ఏదైనా దొంగతనంగా చేసినదే.

మన ప్రాంతపు ఉదాహరణ చెబుతాను. ఒక రైతు ఒంగోలు జాతి ఆంబోతును ఎంతో ఖర్చుపెట్టి మేపుతున్నాడు. దాన్ని రాత్రికి రాత్రి తోలుకుపోతే అది దొంగతనం. అలా కాక, ఎదకు వచ్చిన తన ఆవును ఎవరో చీకట్లో తీసుకువచ్చి, చూడి కట్టించుకొని, ఇవ్వవలసిన సొమ్ము ఇవ్వకుండా జారుకున్నాడనుకోండి. తెల్లవారి చూస్తే ఆంబోతు కట్టుకొయ్య దగ్గరే ఉంది. 'నా ఆంబోతును దొంగిలించాడు' అని ఆ రైతు అనడు. 'దొంగతనంగా చూడి కట్టించుకుపోయాడు, నా డబ్బు ఎగ్గొట్టాడు' అంటాడు. (ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, బ్రెజిల్ చేరిన ఈ జాతి పశువులను అక్కడ నేటికీ మన నెల్లూరు పేరుతోనే పిలుస్తారు.)

ఆ రైతు నోట వచ్చిన 'ఎగ్గొట్టు' అనే మాటే మీ ప్రశ్నకు అసలు సమాధానం. బాకీ, పన్ను, కూలి, అద్దె – ఎగ్గొట్టేవన్నీ ఇవ్వవలసినవే. ఎవరి చేతిలోంచో లాక్కున్నవి కావు. డబ్బు చెల్లించగలిగి కూడా దొంగ ప్రతి చూసేవాడు చేసేది ఇదే. ఇది దొంగతనం కన్నా తేలికైన తప్పని నేను ఒప్పుకోను. నాట్లు వేయించుకొని కూలి ఎగ్గొట్టినవాణ్ణి ఏ పల్లె మర్యాదగా చూస్తుంది?

నా వ్యాకరణ వ్యాసాల పుస్తకాన్ని ఎవరో పేజీ పేజీ ఫొటో తీసి ఫోన్లలో పంచారు. ఒంగోలులో ఒక విద్యార్థి దాన్ని నాకే చూపించి సందేహం అడిగాడు. ఇంత శ్రద్ధగా చదివాడే అని మనసు పొంగింది. ఇంటికి వచ్చాక బీరువా తెరిచాను. దొంగలు పడి ఉంటే ప్రతులు తగ్గి ఉండాలి. ఒక్కటీ తగ్గకపోవడమే నా నష్టం. అచ్చు ఖర్చు ఇంకా తీరలేదు.

అయితే ఎగవేత అనాలంటే అసలు బాకీ ఉండాలి. మన దేశంలో రచయిత కాపీహక్కు ఆయన మరణించాక 60 ఏళ్ళ వరకు ఉంటుంది. ఆ గడువు దాటితే ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. నెల్లూరి తిక్కన రాసిన పదిహేను పర్వాలు మన దాకా వచ్చింది తాటాకుల మీద నకళ్ళు తీసిన లేఖకుల పుణ్యమే. నకలు అనే మాటకు దానంతట దానికి మచ్చ లేదు. హక్కు గడువు ఉన్నా ఏ అంగట్లోనూ దొరకని పుస్తకాన్ని ఒక పేద విద్యార్థి నకలు తీసుకుంటే, చట్టం ఏమన్నా, వాణ్ణి మొదటి ఆట నాడే థియేటర్లో కెమెరా పెట్టినవాడి పక్కన నిలబెట్టడానికి నాకు మనసొప్పదు. ప్రతి నకలునూ ఒక టికెట్టు నష్టంగా కట్టే లెక్క కూడా దొంగలెక్కే. చూసిన ప్రతివాడూ కొనేవాడు కాదు.

చట్టమూ ఈ తేడా పాటించింది. 1860 నాటి శిక్షాస్మృతి 378వ సెక్షనైనా, 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షనైనా, దొంగతనమంటే ఒకరి స్వాధీనంలోని చరాస్తిని కదిలించడం అంటాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం పట్టుకున్న మాట 'ఉల్లంఘన'. ఎల్విస్ ప్రెస్లీ పాటల అనధికార రికార్డుల కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా, దొంగసొత్తు రవాణా చట్టం కింద అవి దొంగిలించిన సరుకు కావని 1985లో తేల్చింది. మాట వేరైనా శిక్ష తేలిక కాలేదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు మన చట్టంలో 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు; మామూలు దొంగతనానికీ గరిష్ఠం 3 ఏళ్ళే. థియేటర్లో రికార్డు చేసేవాడికి 2023 సవరణ 3 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా కూడా పెట్టింది.

ఇక చౌర్యం. గ్రంథచౌర్యం, భావచౌర్యం అనేవి ఇప్పటికే స్థిరపడ్డాయి. ఒకరి రచనను తన పేరుతో చెప్పుకోవడం వాటి అర్థం. అక్కడ కర్త పేరు నిజంగానే పోతుంది కనుక చౌర్యం అతికినట్టు సరిపోయింది. పైరసీలో పేరు ఎక్కడికీ పోదు. రెండింటికీ ఒకే మాట వాడితే ఉన్న స్పష్టత చెడుతుంది. పైరసీని పైరసీగానే ఉంచండి, అందరికీ తెలిసిన మాట. నకలును 'దొంగ ప్రతి' అనండి. కార్యాలయాల రాతకు 'అనధికార నకలు' సరిపోతుంది.

విద్యార్థి వాక్యాన్ని 'కొత్త సినిమాను దొంగతనంగా నకలు తీసి, టికెట్టు డబ్బు ఎగ్గొట్టి ఫోనులో చూస్తున్నారు' అని దిద్దండి. మార్కులు మాత్రం తగ్గించకండి.