కట్టెల పొయ్యి వేడితో కరెంటు: కరెంటు లైను లేని కొండ ఇంటికి థర్మోఎలక్ట్రిక్ జనరేటర్ పనికొస్తుందా?

పనికొస్తుంది, కానీ ఎల్‌ఈడీ బల్బులకు, ఫోన్ చార్జింగుకు మాత్రమే. ఫ్యాను, ఫ్రిజ్ మాట మరచిపోండి.

ఈ జనరేటర్‌లో ఒకవైపు వేడిగా, మరోవైపు చల్లగా ఉంచితే ఆ తేడాతో కరెంటు పుట్టించే పలక ఉంటుంది, దాన్నే మాడ్యూల్ అంటారు. బిస్మత్ టెల్లురైడ్ అనే పదార్థంతో చేసిన మాడ్యూల్ తనలోంచి పారే వేడిలో మహా అయితే 5 శాతాన్నే కరెంటుగా మారుస్తుంది. 10 వాట్లు కావాలంటే 190 వాట్ల వేడిని చల్లని వైపు నుంచి వదిలించాలి. అసలు తిప్పలంతా ఇక్కడే. చిన్న అల్యూమినియం హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలే రెక్కల దిమ్మ) పెడితే కాసేపటికి అదీ కాగిపోతుంది. రెండు వైపుల మధ్య ఉష్ణోగ్రత తేడా సగమైతే పవర్ నాలుగో వంతుకు పడిపోతుంది. అదే చల్లని వైపు 20 లీటర్ల నీళ్లు పెడితే అవి ఈ వేడికి గంటకు 8 డిగ్రీలే పెరుగుతాయి. నీళ్లు లేకుండా మాత్రం పొయ్యి వెలిగించకండి.

చవగ్గా దొరికే టీఈసీ1-12706 రకం మాడ్యూల్ కొనకండి. అది చల్లబరచడానికి చేసింది. చాలావాటిలో లోపలి సోల్డర్ (అతుకు లోహం) 138 డిగ్రీలకే కరుగుతుంది. 300 డిగ్రీలు తట్టుకునే జనరేటర్ రకమే అడగండి.

మాడ్యూల్‌కు రెండు వైపులా వేడిని బాగా దాటించే థర్మల్ పేస్టును పల్చగా రాసి, స్ప్రింగ్ వాషర్లతో బోల్టులను కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. ఒకవైపే బిగిస్తే సెరామిక్ పలక పగులుతుంది. బోల్టుల గుండా కూడా వేడి దాటిపోతుంది, వేడిని తక్కువగా దాటించే స్టీలువే వాడండి. లోడు (బల్బు, ఫోన్ లాంటివి) పెట్టినప్పుడు వోల్టేజి, ఏ లోడూ లేనప్పటి వోల్టేజిలో సగం దగ్గరుంటే గరిష్ఠ పవర్ వస్తుంది. 5 వోల్టులకు, వోల్టేజిని పెంచే బూస్ట్ కన్వర్టర్ కలపండి.

ఎండ బాగా ఉండే చోట సోలార్ ప్యానెలే చవక. ఇది రాత్రీపగలూ పొయ్యి మండే చోట్లకు. ఊళ్లకు దూరంగా ఉండే గ్యాస్ పైపులైన్లకు తుప్పు పట్టకుండా ఇచ్చే కరెంటును ఆ గ్యాసునే మండించి ఇలా తీస్తుంటారు.