సైన్స్ డేకి ముందు మా అమ్మాయికి రాసిన ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఫిబ్రవరి 28 సైన్స్ డేకి మహిళా శాస్త్రవేత్తల మీద కార్యక్రమం మీ బడిలో నీకే అప్పజెప్పారని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్‌గా ఉందని అన్నావు. ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను.

చార్టు మీద పది ఫొటోలు అతికించి, కింద ‘తొలి మహిళ’, ‘తొలి మహిళ’ అని రాయించి గోడకు తగిలించే పద్ధతి మాత్రం వద్దు. పిల్లలు వాటిని బిట్ల కోసం బట్టీ పడతారు, పరీక్షలవగానే మర్చిపోతారు. ఒక్కో శాస్త్రవేత్త చేసిన పని ముందు పిల్లల చేతికి అందాలి. పని తెలిశాక, ఇది చేసిందెవరు టీచర్ అని వాళ్లే అడుగుతారు. పేరు అప్పుడు చెప్పు.

వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణితో మొదలుపెట్టు. మన కోనసీమ పిల్లలకు తుఫాను గురించి కొత్తగా చెప్పేదేముంది? 1996 నవంబరు తుఫాను కబుర్లు నాన్నమ్మల దగ్గర విని పెరిగినవాళ్లు. అయినా వానను మిల్లీమీటర్లలో ఎలా కొలుస్తారో అడిగి చూడు, చాలామంది నీళ్లు నములుతారు. పక్కలు నిటారుగా ఉన్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టించు. సీసా అడుగు ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, ఆ మట్టానికి సున్నా వచ్చేలా స్కేలు అతికించమను. ఫిబ్రవరిలో వాన ఎక్కడిది అంటావేమో, మొక్కలకు నీళ్లు చల్లే డబ్బాతో వాళ్ల చేతే కురిపించు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. బడి ఆవరణ కొలిచి, దాని మీద ఎన్ని లీటర్లు పడ్డట్టో లెక్క కట్టమను. జూన్‌లో బడి తెరిచాక ఆ సీసాను ఆరుబయట, చెట్లకూ గోడలకూ దూరంగా పెట్టి, రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకు చూడాలి. వాతావరణ శాఖ వాళ్లు రోజువారీ వాన లెక్క చూసేదీ ఆ వేళకే. పేపర్లో వేసిన అంకెతో తమ అంకె పోల్చుకుంటుంటే పిల్లలకు దాని మీద పట్టు వస్తుంది.

అప్పుడు చెప్పు: 1918లో కేరళలో పుట్టిన ఒకావిడ, ఎనిమిదో పుట్టినరోజుకి వజ్రాల దుద్దులు ఇస్తామంటే వద్దని విజ్ఞాన సర్వస్వం కొనిపెట్టమంది. లండన్‌లో వాతావరణ పరికరాల పని నేర్చుకుని, 1948లో తిరిగొచ్చి పూనా వాతావరణ కార్యాలయంలో చేరి, దాదాపు వంద పరికరాలకు డ్రాయింగులు సిద్ధం చేయించి, మన దేశంలోనే తయారయ్యేలా చూసింది. అంతకుముందు ఆవిడ రాసిన పరిశోధనకు మద్రాసు యూనివర్సిటీ డాక్టరేట్ ఇవ్వలేదు, ఎమ్మెస్సీ లేదని. ఇది కూడా చెప్పు.

ఇక అసలు సంగతి. ఫిబ్రవరి 28 రామన్ గారి పండగ. 1928లో ఆయన కనిపెట్టిన రామన్ ఎఫెక్ట్‌ను, అంటే వస్తువు గుండా వెళ్లి చెదిరే కాంతిలో కొంత రంగు మారుతుందన్న సంగతిని, బాగా చెప్పు, ఆయన గొప్ప ఆయనదే. అదే నోటితో 1933 సంగతి కూడా చెప్పు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు అప్పుడు ఆయన డైరెక్టరు. బొంబాయి నుంచి కమలా సోహోనీ అనే అమ్మాయి వస్తే, ఆడపిల్లవని చేర్చుకోనన్నారు. ఆమె పట్టు వదల్లేదు. చివరికి ఒక ఏడాది చూస్తామని షరతులు పెట్టి చేర్చుకున్నారు. ఆమె పని చూశాకే మిగతా అమ్మాయిలకు ఆ తలుపు తెరుచుకుంది. 1939లో ఆమె కేంబ్రిడ్జిలో డాక్టరేట్ తీసుకుంది. ఇవన్నీ పిల్లలకెందుకమ్మా అని స్టాఫ్ రూములో ఎవరైనా అంటే తగ్గకు. దాచిపెడితే, దారి ఎప్పుడూ తెరిచే ఉండేదని, వెళ్లనివాళ్లదే తప్పని పిల్లలు అనుకుంటారు. అది అబద్ధం.

కమల నీరా మీద, అంటే తాడి చెట్టు నుంచి తీసే పులియని తీపి రసం మీద కూడా పనిచేసింది, అందులోని పోషకాలు తేల్చినందుకు రాష్ట్రపతి అవార్డు వచ్చింది. తాడి గీసేవాళ్ల ఇంటి పిల్లలు మీ క్లాసులో ఉంటే, కుండ లోపల సున్నం ఎందుకు పూస్తారో నాన్నను అడిగి రమ్మను. తెల్లారేలోపు పులిసి కల్లు కాకుండా. ఆ పూట పాఠం ఆ పిల్లాడే చెప్పాలి, నువ్వు పక్కన కూర్చో.

చెరకు రసం తాగే పిల్లలకు జానకి అమ్మాళ్ గురించి చెప్పు. చెరకు కూడా గడ్డి జాతేనని, దాన్ని వేరే గడ్డిజాతులతో సంకరం చేసి కోయంబత్తూరులో పరిశోధించిందని. పెరట్లో బిళ్ళగన్నేరు కనిపిస్తే అసీమా ఛటర్జీ గుర్తు రావాలి, ఆ జాతి మొక్కల్లోని రసాయనాల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఆకులు మాత్రం నోట్లో పెట్టనివ్వకు, విషం. మేరీ క్యూరీ పాఠంలో ఎలాగూ ఉంది.

డాక్టర్లైన ఆడవాళ్ల కథలు చెప్పేటప్పుడు కాస్త జాగ్రత్త. ఆనందీబాయి జోషి పధ్నాలుగేళ్లకు తల్లయి, పది రోజులకే బిడ్డను పోగొట్టుకుంది. 1886లో అమెరికాలో డాక్టరై, మరుసటేడు ఇరవై రెండు నిండకుండానే పోయింది. ఆరో తరగతికి ఇది బరువు. చదువు మాట వరకు చెప్పి ఊరుకో. తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలకు మాత్రం రఖ్మాబాయి కథ మొత్తం చెప్పు. పదకొండేళ్లకు పెళ్లి చేశారు. పెద్దయ్యాక కాపురానికి వెళ్లనంది. భర్త కోర్టుకెక్కాడు. వెళ్లకపోతే జైలన్నారు, జైలుకే వెళ్తానంది. 1888లో రాజీతో అది తేలాక లండన్ వెళ్లి చదివి, 1894లో డాక్టరై, తిరిగొచ్చి సూరత్‌లో ఏళ్ల తరబడి ఆడవాళ్లకు వైద్యం చేసింది. పదో తరగతి అవగానే సంబంధాలు చూసే ఇళ్లు మన లంకల్లో ఇంకా ఉన్నాయి. ఆ పిల్లలు ఈ కథ విని ఉండాలి. మగపిల్లల్ని బయటికి పంపకు, వాళ్లూ వినాలి. రేపు అన్నలూ తండ్రులూ అయ్యేది వాళ్లే.

మీ ఊరి ఏఎన్ఎం గారిని ఒక గంట పిలువు. టీకాల డబ్బా ఎందుకు చల్లగా ఉంచాలో ఆవిడ నోటి నుంచే విననీ.

వీలైతే పిల్లల్ని మార్టేరు వరి పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లు. ఎంటీయూ 7029, మనం స్వర్ణ అని పిలిచే రకం, అక్కడిదే. అక్కడ పనిచేసే మహిళా శాస్త్రవేత్తలతో కాసేపు మాట్లాడించమని అడుగు. పొలంలో పంట ఉన్నప్పుడు వెళితేనే చూడ్డానికి ఏమైనా ఉంటుంది కాబట్టి, లెటరు ఇప్పుడే మీ హెడ్మాస్టరు గారి చేత పెట్టించు, బస్సు ఖర్చు సంగతి తర్వాత చూద్దాం.

ఉంటాను,
పెద్దమ్మ