ఇంటి పన్ను 15 శాతం పెరిగితే బాడుగ పెంచాలా, ప్లాటు అమ్మాలా?

ప్రశ్న: మాది కర్నూలు, కల్లూరు వైపు. నూనె మిల్లులో లెక్కలు రాసి రిటైరయ్యాను. వయసు 63. పీఎఫ్ పింఛను నెలకు 2,900 రూపాయలు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 3 లక్షలు, బ్యాంకు ఎఫ్‌డీలో 2 లక్షలు ఉన్నాయి. కింద మేముంటాం. ముందు గదిని టైలరుకు 4,000కు, మిద్దె మీద పోర్షన్‌ను ఒక కుటుంబానికి 6,500కు బాడుగకు ఇచ్చాం. ఇంటి పన్ను ఏడాదికి 7,200. కార్పొరేషన్ బడ్జెట్‌లో మళ్లీ 15 శాతం పెంచుతారని వీధిలో అందరూ అంటున్నారు. ఇలా పెరుగుతూ పోతే ఎక్కడ ఆగుతుంది? బాడుగలు పెంచమంటారా? నంద్యాల రోడ్డు వైపు నా భార్య పేరున ఖాళీ ప్లాటు ఉంది, దాని పన్ను 12,000 బకాయి పడింది. మార్చిలో వడ్డీ మాఫీ చేస్తారు, అప్పటిదాకా కట్టొద్దని మా అబ్బాయి అంటాడు. ఆ ప్లాటు అమ్మేస్తే పీడ పోతుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అయ్యా, నమస్కారం. మీరు భయపడుతున్నది 15 శాతం పెంపు గురించి. మీ డబ్బు కరిగిపోతున్నది మాత్రం ఆ 12,000 బకాయి దగ్గర. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

గడువు దాటిన ఆస్తి పన్ను మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏడాదికి 24 శాతం. ఆ 12,000 అసలే అనుకుంటే నెలకు 240, ఏడాదికి 2,880 రూపాయలు. అదే 12,000 మీ ఎఫ్‌డీలో 7 శాతం మీద ఉంటే ఏడాదికి వచ్చేది 840. అంటే కట్టకుండా ఆగిన ప్రతి ఏడాదీ రెండు వేలకు పైగా చేతి నుంచి పోతోంది. ఎఫ్‌డీ మధ్యలో తీస్తే బ్యాంకు వడ్డీలో కొంత కోత పెడుతుంది. అయినా ఈ నష్టం ముందు అది లెక్కలోకి రాదు. కొన్ని బ్యాంకుల్లో మొత్తం రద్దు చేయకుండా కావలసినంతే తీసుకోవచ్చు, అడిగి చూడండి.

మీ అబ్బాయి మాట పూర్తిగా తీసిపారేసేది కాదు. ఆర్థిక సంవత్సరం చివర్లో ప్రభుత్వం బకాయిల వడ్డీలో రాయితీ ఇచ్చిన సందర్భాలున్నాయి. కానీ ఆ రాయితీ వడ్డీ మీదే, అసలు మీద కాదు. సగం వడ్డీ మాఫీ అయిందనుకున్నా మీకు పడేది ఏడాదికి 12 శాతం. అదీ ఎఫ్‌డీ ఇచ్చేదానికంటే ఎక్కువే. పైగా ఆ ఉత్తర్వు ఈ ఏడాది వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. మీరిది చదివేటప్పటికి అలాంటిది అమల్లో ఉంటే తప్పకుండా వాడుకోండి. లేకపోతే దానికోసం ఎదురుచూడకండి. కట్టే ముందు వార్డు సచివాలయంలో ప్లాటు అసెస్‌మెంట్ నంబరు చెప్పి, ఆ 12,000లో అసలెంత, వడ్డీ ఎంత అని విడదీసి చూపించమనండి.

ఇక 15 శాతం సంగతి. శాతాల్లో వింటే గుండె దడదడలాడుతుంది, రూపాయల్లోకి మార్చి చూడండి. 7,200 మీద 15 శాతం అంటే 1,080. నెలకు 90 రూపాయలు. ఈ ఒక్క ఏడాదికి మీరు నిద్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు.

కానీ మీరడిగిన అసలు ప్రశ్న, ఎక్కడ ఆగుతుంది అన్నది, చాలా మంచి ప్రశ్న. ప్రతి ఏటా 15 శాతం చొప్పున వరుసగా పెరిగితే 8,280, 9,522, ఆ తర్వాత సుమారు 10,950, 12,590, అయిదో ఏడాదికి 14,480. అంటే అయిదేళ్లలో రెట్టింపు. ఆ అయిదేళ్లలో కట్టేది మొత్తం దాదాపు 55,800. పెంపు లేకపోతే 36,000 అయ్యేది. తేడా 19,800, సగటున నెలకు 330 రూపాయలు. 2,900 పింఛను వచ్చే ఇంటికి ఇది చిన్న మాట కాదని నాకు తెలుసు. అయితే ముందే తెలిస్తే సర్దుకోగలిగిన మొత్తమే.

ఈ పెంపుకు ఒక చివర ఉంది. ఆ చివర మీ ఇంటికి ఎంత దూరంలో ఉందో తెలుసుకోవడమే ఇప్పుడు మీరు చేయాల్సిన పని. పూర్వం మన రాష్ట్రంలో ఇంటి పన్నును, ఆ ఇంటికి ఎంత బాడుగ వస్తుందన్న అంచనా మీద వేసేవారు. 2020లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్థలానికీ కట్టడానికీ ఉండే విలువలే దీనికి ఆధారం. నివాసాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు, వ్యాపార కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను రేటు పెట్టుకోవచ్చు. ఒక్కసారిగా భారం పడకుండా, ఏ ఏడాదీ పాత పన్ను మీద 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. అంటే మీ ఇంటి విలువ ప్రకారం రావాల్సిన పూర్తి పన్ను ఒకటుంటే, మీరు దానివైపు మెట్టుమెట్టుగా వెళ్తున్నారు. అక్కడికి చేరాక ఈ 15 శాతం మెట్లు ఉండవు.

కాబట్టి సచివాలయంలో ఒకే ప్రశ్న అడగండి: "మూలధన విలువ లెక్కన మా ఇంటి పూర్తి పన్ను ఎంత?" వాళ్లు 9,000 అన్నారనుకోండి, రెండేళ్లలో మీ పని అయిపోయినట్టే. 20,000 అంటే పైన చెప్పిన అయిదేళ్ల లెక్కను గట్టిగా పట్టుకోవాలి. ఒక జాగ్రత్త. రిజిస్ట్రేషన్ విలువలు పెరిగితే ఆ చివర కూడా జరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో రాష్ట్రంలో ఆ విలువలు సవరించారు.

మేయరు మారినా కమిషనర్ మారినా ఈ పెంపు మాట ఎందుకు వస్తూనే ఉంటుందో కూడా మీకు తెలియాలి. 2020లో కేంద్రం రాష్ట్రాలకు అదనపు అప్పులకు అనుమతి ఇస్తూ పెట్టిన షరతుల్లో ఆస్తి పన్ను సంస్కరణ ఒకటి. 15వ ఆర్థిక సంఘం కూడా, పట్టణాలకు గ్రాంట్లు కావాలంటే ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలనీ, రాష్ట్ర స్థూల ఉత్పత్తి, అంటే రాష్ట్రం మొత్తం సంపాదన, సగటున ఎంత పెరుగుతోందో పన్ను వసూళ్లూ అంత పెరగాలనీ చెప్పింది. ఇక్కడ పన్ను పెంచకపోతే కేంద్రం నుంచి వచ్చే డబ్బుకు గండి పడుతుంది.

ఖర్చు కూడా నిజమైనదే. తుంగభద్ర నీళ్లు తోడి, మునగాలపాడు దగ్గర చెరువులో నిలవచేసి, శుద్ధి చేసి మీ కుళాయిదాకా పంపాలంటే కరెంటు బిల్లే పెద్దది. పారిశుధ్య కార్మికుల జీతాలు, వీధి దీపాలు, ఊరి అంచుల్లో పుట్టిన కాలనీలకు కొత్త పైపులు, కాలువలు. 2009 అక్టోబరు వరదను చూసిన మీకు మురుగుకాలువల విలువ నేను చెప్పక్కర్లేదు. ఇంటింటికీ వేసిన చెత్త పన్ను 2024లో రద్దయింది. అది జనానికి ఊరటే. కానీ చెత్త ఎత్తే ఖర్చు రద్దు కాలేదు, అది వేరే పద్దులోంచి రావాలి.

అలాగని పెంచినదల్లా తలవంచుకుని కట్టమని నేను అనను. కార్పొరేషన్ బడ్జెట్ జనమందరికీ సంబంధించిన కాగితం, అడిగి చూడండి. అందులో వచ్చే ఏడాది అంచనాల కంటే పోయిన ఏడాది నిజంగా వసూలైంది ఎంత, నిజంగా ఖర్చయింది ఎంత అన్న గడులు ముఖ్యం. అంచనాల్లో గ్రాంట్లు ఘనంగా రాసుకుని, చివరికి వసూలు సగమే అయిన ఊళ్లు చాలా ఉంటాయి. ఆస్తి పన్ను డిమాండు, అంటే మొత్తం రావాల్సింది ఎంత, వసూలు ఎంత, పెద్ద బకాయిదారుల దగ్గర ఎంత ఆగిపోయింది అని మీ వీధి పెద్దలంతా కలిసి రాతపూర్వకంగా అడగండి. ఏటా క్రమంగా కట్టే మీలాంటివారి మీద 15 శాతం వేసే ముందు, ఏళ్ల తరబడి కట్టనివాళ్ల దగ్గర రాబట్టడం న్యాయం. ఈ మాట నేను మనసారా నమ్ముతాను.

కట్టే పద్ధతికి వద్దాం. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం రాయితీ ఉంటుంది. 8,280 మీద 414 రూపాయలు. అలాకాకుండా మొదటి అర్ధ సంవత్సరానిది జూన్ చివర, రెండోది డిసెంబరు చివర కట్టి, ఆ డబ్బును అన్నాళ్లూ 7 శాతం వడ్డీకి ఉంచినా మీకు మిగిలేది 240 రూపాయలే. ఏప్రిల్‌లో కట్టడమే లాభం. మీకు ఇంకో వెసులుబాటు ఉంది. సీనియర్ సిటిజన్స్ స్కీమ్ వడ్డీ మూడు నెలలకోసారి, ఏప్రిల్ మొదట్లో కూడా పడుతుంది. మీ 3 లక్షలు 8.2 శాతం మీద ఉంటే ఆ వాయిదా 6,150 రూపాయలు. దానికి ఇంకో 1,700 కలిపితే ఏడాది పన్ను తీరిపోతుంది. ఆ 1,700 కోసం మే నుంచి నెలకు 150 పక్కన పెట్టుకుంటే చాలు. ఏప్రిల్ వడ్డీ ఇంటి పన్నుదే అని ఇంట్లో అమ్మగారితో కూడా చెప్పి ఉంచండి.

ఈలోగా డిమాండ్ నోటీసును ఒకసారి నిదానంగా చదవండి. ఇంటి కొలత, కట్టడం రకం, కట్టిన సంవత్సరం సరిగ్గా ఉన్నాయా? అనధికార నిర్మాణ జరిమానా అని ఏమైనా వేశారా? ప్లాను ఉన్న మిద్దెకు కూడా, కాగితం ఇవ్వనందువల్ల ఆ జరిమానా ఏళ్ల తరబడి పడుతూ ఉండొచ్చు. అది పన్నులో 25 శాతం నుంచి నూరు శాతం దాకా ఉంటుంది. అలాంటిది కనబడితే ప్లాను నకలుతో కమిషనర్‌కు అర్జీ పెట్టండి. 15 శాతం పెంపును ఆపలేకపోవచ్చు గానీ, తప్పుడు లెక్కను సరిచేయించుకోవడం మీ చేతిలో పనే.

బాడుగల విషయంలో తొందరపడకండి. పైన ఉన్న కుటుంబం సరిగ్గా ఇస్తుంటే, నెలకు 90 రూపాయల కోసం వాళ్లను కదిలించొద్దు. వాళ్లు ఖాళీ చేసి పోర్షన్ ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేది 6,500. ఈ ఏడాది పెంపు లాంటివి ఆరింటితో సమానం. టైలరు గది వేరు. అది వ్యాపారానికి వాడేది కాబట్టి దాని రేటే ఎక్కువ. ఒప్పందం తిరగరాసేటప్పుడు 300, 400 పెంచమని మర్యాదగా అడగండి, న్యాయంగానే ఉంటుంది. ఆ గది ఇప్పటికీ రికార్డుల్లో నివాసంగానే ఉంటే మాత్రం మీరే వెళ్లి చెప్పండి. వాడకం మారిన భాగానికీ కొత్తగా కట్టిన భాగానికీ 15 శాతం పరిమితి వర్తించదు. తనిఖీలో బయటపడి పాత ఏళ్లకు కూడా కలిపి వేస్తే ఒకేసారి మోయడం కష్టం.

బాడుగ మీద ఆదాయపు పన్ను కట్టే పాఠకులకు ఒక మాట. బాడుగకు ఇచ్చిన భాగానికి యజమాని ఆ ఏడాది నిజంగా కట్టిన ఇంటి పన్నును బాడుగలోంచి తీసేసి, మిగిలిన దాంట్లో మళ్లీ 30 శాతం తగ్గించుకోవచ్చు. రసీదు దాచుకోండి. మీ విషయంలో మీ మొత్తం ఆదాయం పన్ను పడే హద్దుకు చాలా కింద ఉంది, ఆ దిగులు వద్దు.

చివరిగా ప్లాటు. 12,000 బకాయి చూసి అమ్మేయడం నాకు సమ్మతం కాదు. బకాయి తీర్చడం వేరు, అమ్మడం వేరు. ఆ స్థలంలో మీరు గానీ పిల్లలు గానీ రెండు మూడేళ్లలో ఇల్లు కట్టే ఆలోచన ఉంటే ఉంచుకోండి. లేదు, ఎవరికీ అక్కర్లేదు అనుకుంటే, ఏటా పెరిగే పన్ను కడుతూ ఖాళీగా ఉంచడం కంటే అమ్మి, ఆ డబ్బుతో నెలనెలా వడ్డీ వచ్చే ఏర్పాటు చేసుకోవడం మీ వయసుకు మంచిది. ప్లాటు అమ్మగారి పేరున ఉంది కాబట్టి నిర్ణయం ఆమెది, వచ్చే డబ్బు కూడా ఆమె ఖాతాలోనే పడాలి. ఏదైనా ముందు బకాయి కట్టి రసీదు తీసుకోండి, స్థలం చుట్టూ హద్దు రాళ్లు ఉన్నాయో లేదో ఈ వారమే వెళ్లి చూసి రండి.