మూడు చారలు

చిరంజీవికి,

ఆశీస్సులు. అమరుడైన సైనికుడికి ఊళ్లో జరిగే సంస్మరణ సభ మీద నువ్వు రాసిన కథ అందింది. జూలై 26, కార్గిల్ విజయ్ దివస్ నాటికి అచ్చులో చూసుకోవాలని ఉందని, తొందరగా చదివి చెప్పమని రాశావు. చదివాను. జవాబు ఆలస్యం కావడానికి కొంత నా బద్ధకం కారణం, కొంత నీ కథ.

బాగున్నవి ముందు చెప్పేస్తాను. భాష నీదే, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు. మీ ఉద్దానం కొబ్బరి తోటలు, తిత్లీ తుఫానుకి కూలిన చెట్ల మొదళ్లు, ఆ పక్క రోడ్డు మీద తెల్లారగట్ల కుర్రాళ్ల పరుగు, ఇవన్నీ కళ్లారా చూసి రాసినవి. విజయనగరంలో కూర్చుని నేను రాయలేను వాటిని.

చిక్కంతా సభ దగ్గర వచ్చింది. టెంటు వేసి, దండ వేసి, దీపం వెలిగించగానే నీ మనుషులందరూ కలిసి ఒక్క మనిషైపోయారు. తల్లి, భార్య, సర్పంచ్, హెడ్మాస్టరు, రిటైరైన హవల్దారు, అందరి కళ్లూ ఒక్కసారే చెమర్చాయి. తల్లి మైకు పట్టుకుని "నాకింకో కొడుకుంటే వాణ్నీ దేశానికే ఇచ్చేదాన్ని" అంది. చప్పట్లు. కథ కంచికి.

ఏ తల్లీ ఆ మాట అనదని నేననను. అంటారు, విన్నాను. ఎదురుగా కలెక్టరు గారు, ఎమ్మెల్యే గారు, వెనకాల ఊరంతా, అందరూ ఆ మాట కోసమే చూస్తూ ఉంటే ఆవిడ మాత్రం ఇంకేమంటుంది పాపం? మైకు వెనక్కిచ్చేసి తన కుర్చీలోకొచ్చి కూర్చున్నాక పక్కావిడ చెవిలో ఏమందో అది నాకు కావాలి. "ఎండ మండిపోతంది, ఎప్పుడొగ్గుతారే మనల్ని" అని ఉండొచ్చు. అని ఉంటే అదే రాయి. దానివల్ల ఆవిడ దుఃఖానికి వచ్చే లోటేమీ లేదు.

ఇంకో సంగతి. నీ కథలో కుర్రాడు మార్చి నెలలో మంచుచరియ కింద చిక్కుకుని పోయాడని రాశావు. మరి జూలై 26 ఆ ఇంటికి ఏమవుతుంది? అది 1999లో కార్గిల్ యుద్ధం ముగిసిన రోజు. డిసెంబరు 16 అంటావా, 1971లో ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన రోజు. డిసెంబరు 7 పతాక దినోత్సవం, 1949 నుంచి జరుగుతోంది. బళ్లలో చిన్న జెండాలిచ్చి డబ్బులు పోగుచేస్తారే, అది. జనవరి 15 సైనిక దినోత్సవం. ఇవన్నీ దేశం గుర్తు పెట్టుకోవడానికి పెట్టుకున్న తారీఖులు, పెట్టుకోవాలి కూడా. ఇంట్లోవాళ్ల తారీఖు వేరు. అది యూనిట్ నుంచి ఫోనొచ్చిన రోజు. లేదా పురోహితుడు లెక్కగట్టి చెప్పిన తిథి. వాళ్లు ఏడ్చేది అప్పుడు. జూలై 26 వాళ్లకి చుట్టాలొచ్చే రోజు. కుర్చీలు ఎన్ని చాలతాయి, టీలకి పాలు ఎన్ని లీటర్లు, పొరుగూరి నుంచి వచ్చే ఆడపడుచుకి చీర పెట్టాలా వద్దా, ఇవీ ఆ రోజు టెన్షన్లు. నీకిది చిన్నతనంగా అనిపించొచ్చు. నాకైతే కథ మొత్తం అక్కడే ఉందనిపిస్తుంది: అతన్ని ఎరగని వాళ్లు తలుచుకోవడానికి ఒక రోజు కావాలి, ఎరిగున్న వాళ్లు ఆ రోజు వచ్చినవాళ్లకి మర్యాదలు చూసుకోవాలి.

వయసును బట్టి కూడా మారుతుంది. కార్గిల్ నుంచి మన దగ్గర శవపేటికలు ఊళ్లకి రావడం మొదలైంది. అంతకు ముందు యుద్ధాల్లో పోయినవాళ్లకి మామూలుగా సరిహద్దుల దగ్గరే దహనం. ఇంటికొచ్చేది టెలిగ్రాం, ఆ తర్వాత కొన్నాళ్లకి తెల్ల పెయింటుతో పేరూ నంబరూ రాసిన నల్ల రేకు పెట్టె. 1971లో మొగుణ్ని పోగొట్టుకున్న ముసలావిడ ముఖం చూడలేదు, బూడిద చూడలేదు. చాలా ఏళ్లపాటు రైలు కూత వినిపిస్తే లేచి కూర్చునేదాన్నని అలాంటి ఒకావిడ నాతో అంది. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు కదా. స్వాతంత్ర్యం తర్వాత పోయిన పాతిక వేల మందికి పైగా పేర్లు, ఒక్కో పేరుకి ఒక్కో రాతి పలక. అటు వెళ్లినవాళ్లెవరో ఆవిడ భర్త పేరు వెతికి, సెల్లో ఫొటో తీసుకొచ్చి చూపించారు. ఆవిడకి చదువు రాదు. "ఇది ఆయన పేరేనా, మరోసారి సదువు బావూ" అని చదివించుకుంది. ఆవిడకి మీ సభతో పనేముంది? అదే సభలో మొన్న మొన్న పేటిక దిగిన ఇంటివాళ్లు కూడా ఉంటారు. హైవే నుంచి ఊరిదాకా కుర్రాళ్ల మోటారు సైకిళ్లు, జెండాలు, నినాదాలు, అదంతా చూసినవాళ్లు. ఇద్దరూ ఒకే వరసలో కూర్చుంటారు. ఒకరి గురించి మాత్రమే రాసినా చాలు, ఇద్దర్నీ కలిపి ముద్ద చేయకు.

కాగితాల సంగతి నీకెవరూ చెప్పినట్టు లేదు. మిలటరీలో పోయిన ప్రతివాడూ ఒకే ఫైల్లోకి వెళ్లడు. శత్రువు చేతిలోనో, అలాంటి ఆపరేషన్లోనో పోతే బ్యాటిల్ క్యాజువాలిటీ. డ్యూటీలో ఉండగా మామూలు ప్రమాదమో జబ్బో తీసుకుపోతే ఫిజికల్ క్యాజువాలిటీ. దాన్ని బట్టి పింఛను మారుతుంది, వచ్చే డబ్బు మారుతుంది, సభకి పిలుపు వస్తుందా రాదా అన్నది కూడా ఒక్కోచోట మారిపోతుంది. లోయలో లారీ పడి పోయినవాడి భార్య పక్క ఊరి సభని తన గుమ్మంలోంచి చూస్తుంది. ఆమె మొగుడూ అదే యూనిఫాం వేసుకున్నాడు, అదే చలిలో కాపలా కాశాడు. ఆమె గురించి రాసినవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు. అగ్నిపథ్ వచ్చాక, అంటే 2022 తర్వాత, నాలుగేళ్ల కొలువుకి చేరిన కుర్రాడైతే ఇంకో లెక్క. వాడి కుటుంబానికి బీమా సొమ్ము వస్తుంది గాని పాతవాళ్లకి వచ్చినట్టు నెలనెలా పింఛను రాదు. ఇవి తెలుసుకోవడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వరండాలో ఒక పూట కూర్చో. ఎవరినీ ఏమీ అడగకు. ఏ కాగితం తక్కువైందని ఎవర్ని తిప్పి పంపిస్తున్నారో వింటూ ఉండు.

ఇప్పుడు విగ్రహం. నీ కథలో "సజీవంగా నిలిచిన శిల్పం" అన్నావు. మన జంక్షన్లలో నిలబడే సిమెంటు విగ్రహాలు ఎంత సజీవంగా ఉంటాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక ఊళ్లో నేను చూసింది చెబుతాను. ఊరి పేరు వద్దు. కుర్రాడు నాయక్ హోదాలో పోయాడు. నాయక్ అంటే భుజం కింద రెండు చారలు, మిలటరీవాళ్లు ఫీతీలంటారు. లాన్స్ నాయక్‌కి ఒకటి, హవల్దారుకి మూడు. విగ్రహాలు చేసేవాడు అది ఎరగడు, ఎక్కడో ఫొటో చూసి మూడు చారలు పోశాడు, పైన బంగారు రంగు కొట్టాడు. ఆవిష్కరణ అయిపోయింది, పేపర్లో వచ్చింది, ఎవరికీ పట్టలేదు. మరుసటి ఏడు అదే యూనిట్లో పనిచేసిన బ్యాచ్‌మేటు సెలవు మీద వచ్చి, దండ వేయబోయి ఆగిపోయాడు. దండ చేతిలోనే ఉంది, చూపు భుజం మీదుంది. సభ అయ్యాక సర్పంచ్‌ని పక్కకి పిలిచి, ఇది తప్పండీ, లేని ర్యాంకు వేయకూడదు, ఒక చార చెక్కి తీయించేయండి అన్నాడు. సర్పంచ్ సరే అన్నాడు. ఆ మాట తల్లి విని దగ్గరకొచ్చింది. "పోన్లే బావూ, ఉంచేయండి. బతికుంటే ఈపాటికి వచ్చీదే కదా" అంది.

బ్యాచ్‌మేటు ఏమీ అనలేదు. కానీ ఒప్పుకోనూలేదు. అతనికి ఆ చార అబద్ధం. పక్కన నిలబడి చూసినవాడికి స్నేహితుడు రెండు చారలతోనే పోయాడు, అలాగే ఉండాలి. తల్లికి ఆ చార కొడుకు ఇంకా ఎదుగుతున్నాడన్న లెక్క. సర్పంచ్‌కి తాపీమేస్త్రి కూలి మిగిలింది. ఈ ముగ్గురిలో నేను ఎవరి పక్షమంటే, కథ రాసేటప్పుడు బ్యాచ్‌మేటు పక్షం. ఇంటికెళ్లి పడుకున్నాక తల్లి పక్షం. చార అలాగే ఉంది.

ఆ రోజు ఆ కుర్రాడి భార్య సభలో లేదు. ఎందుకు లేదో నేనడగలేదు, అడగాల్సిన చుట్టరికం నాకు లేదు. కానీ అలాంటి ఇళ్లు చాలా చూశాను. పింఛను కోడలికి వస్తుంది, విగ్రహం అత్త ఊళ్లో ఉంటుంది. ఇరవై మూడేళ్ల పిల్లకి మళ్లీ పెళ్లి మాట ఎత్తితే అమరుడి భార్య అన్న పేరు అడ్డొస్తుంది. సర్కారు నిబంధనలు కూడా ఒకప్పుడు అలాగే ఉండేవి. శౌర్య పతకం వచ్చిన సైనికుడి భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే, చచ్చిపోయినాయన తమ్ముణ్నో అన్ననో చేసుకుంటేనే ఆ పతకం భత్యం కొనసాగేది. 2017లో ఆ షరతు తీసేశారు. మరిదిని కట్టుకో అని సర్కారు నిబంధనే చెప్పిన దేశంలో ఆ పిల్ల ఏ వరసలో ఏ కుర్చీలో కూర్చుంటుందో నువ్వు ఊహించి రాయగలవు. నీ కథలో ఆమె చేత "ఆయన నాలోనే ఉన్నారు" అనిపించి వదిలేశావు.

పరుగు తీసే కుర్రాళ్ల దగ్గరికొద్దాం. వాళ్లకి ఆ విగ్రహం దిమ్మె మలుపు గుర్తు. అక్కడ చెయ్యి ఆనించి వెనక్కి తిరుగుతారు, పదహారు వందల మీటర్లు లెక్క సరిపోతుంది. చెప్పులు, సీసాలు దిమ్మె మీద పెడతారు. నువ్వే రాశావు ఇది, మూడో పేజీలో, రెండు వాక్యాల్లో. తర్వాత హెడ్మాస్టరు చేత వాళ్లకి దేశభక్తి ఉపన్యాసం ఇప్పించావు. ఎందుకయ్యా? చచ్చిపోయినవాడి దిమ్మె మీద చెప్పులు పెట్టి, అదే ఉద్యోగం కోసం పరిగెత్తే కుర్రాడికి భయం లేదనుకోకు, గౌరవం లేదనీ అనుకోకు. వాడి నోట వచ్చేది మాత్రం "నోటిఫికేషన్ ఎప్పుడు పడతాదో" అన్న మాటే. జీడి పరిశ్రమలో కూలో, హైదరాబాద్‌లో వాచ్‌మన్ పనో, కాదంటే ఇది. ఇటు మా కోరుకొండ సైనిక్ స్కూల్లో, 1962లో పెట్టింది, ఆరో తరగతిలో చేరిన పిల్లాడికి జూలై 26 అంటే ఇస్త్రీ మడత నలగకుండా నిలబడటం. వాడూ అబద్ధమాడట్లేదు.

పత్రికవాళ్లు అడగరు గాని, నువ్వు మన రెండు జిల్లాల్లో ఉండి రాస్తున్నావు కాబట్టి ఇంకొకటి గుర్తుంచుకో. ఇక్కడ స్మారకాలు ఎప్పుడూ ఒక పక్షానివే కావు. బొబ్బిలిలో యుద్ధ స్తంభం ఉంది, 1757 జనవరి 24న కోటలో పోయినవాళ్ల కోసం. ఆ కోట మీదికి బుస్సీ ఫ్రెంచి సేనతో కలిసి వెళ్లింది మా విజయనగరం రాజే. ఆయన్ని డేరాలో పొడిచి చంపిన తాండ్ర పాపారాయుడు అక్కడ వీరుడు. ఇక్కడివాళ్లకి అదే వంశంలో చిన్న విజయరామరాజు వీరుడు, 1794 జూలై 10న పద్మనాభంలో ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి పడిపోయాడు. ఇన్నేళ్లయినా పెళ్లి భోజనాల్లో ఈ గొడవ రావడం నేను విన్నాను. ఇంకా దగ్గరిది మీ పలాస పక్కనే. బొడ్డపాడులో శ్రీకాకుళ నక్సలైటు పోరాటంలో పోయినవాళ్ల స్తూపం దగ్గర ఏటా మే నెలాఖరున జనం చేరతారు. అక్టోబరు 21న పోలీసు సంస్మరణ దినం, 1959లో లడఖ్ హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనావాళ్ల చేతిలో పోయిన జవాన్లతో మొదలైంది. ఆ రోజు జిల్లా కేంద్రంలో చదివే పేర్లలో నక్సలైట్ల చేతిలో పోయిన పోలీసులూ ఉంటారు. రెండు చోట్లా అమరులే. ఎవరు నిజమైన అమరులో తేల్చే పని నీకెవరూ అప్పగించలేదు. ఆ రెండు చోట్లకీ పూలదండలు అమ్మే మనిషి మాత్రం ఒక్కడే అయుండొచ్చు, వాణ్ని వెతుకు.

కొన్ని తప్పులు దిద్దుకో. సిపాయి అంత్యక్రియల్లో ఇరవై ఒక్క తుపాకుల వందనం ఉండదు, అది రాష్ట్రపతి స్థాయి వాళ్లకి, ఫిరంగులతో. ఇక్కడ రైఫిళ్లు గాల్లోకి మూడు విడతలు కాలుస్తారు, బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ వాయిస్తారు. చితి మీద జెండాతో సహా కాల్చారని రాశావు, అది చాలా పెద్ద తప్పు. జెండా ముందే తీసి, మడిచి, ఇంటివాళ్ల చేతికిస్తారు. మిలటరీ నుంచి వచ్చినవాళ్లు మన జిల్లాలో ఇంటికొకరున్నారు. ఒక్క తప్పు పట్టుకుంటే మిగతా కథ నమ్మరు.

సర్పంచ్‌ని విలన్ చేయాలని నీకు చెయ్యి దురద పెడుతున్నట్టుంది, ఫ్లెక్సీలో తన ఫొటో పెద్దది వేయించుకున్నాడని ఎద్దేవా చేశావు. ఫొటో పెద్దదే ఉంటుంది. కానీ వితంతువుకి రావాల్సిన ఇంటి స్థలం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేది కూడా చాలాసార్లు ఆ ఫొటోలో మనిషే. రెండూ పెట్టు.

జూలై 26 సంచికకి ఈ కథ పంపకు. ఏ సంచికలో వస్తే ఏం? ఏడో పేజీలో సభకి టీలు పంచుతూ ఒక ఆడమనిషి వస్తుంది, అందరికీ ఇచ్చి చివర తనకి లేక ఖాళీ పళ్లెం పట్టుకుని నిలబడుతుంది. ఆమె ఎవరు? చెల్లెలా, మరదలా, పొరుగమ్మాయా? పేరు కూడా పెట్టలేదు నువ్వు. ముందు అది తేల్చుకుని, ఆమె ఆ రోజు పొద్దున్న ఎన్నింటికి లేచిందో అక్కణ్నించి మొదలుపెట్టి మళ్లీ రాయి. కాగితానికి ఒకవైపే రాయి, అక్షరం కాస్త పెద్దదిగా. మీ అమ్మగార్ని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మాస్టారు
విజయనగరం