ఒక్కరోజులో గ్రాండ్ కాన్యన్: పాఠకుల ప్రశ్నలు

ప్ర: అక్టోబరులో అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. లాస్ వేగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కి ఒక్కరోజు బస్సు టూర్ బుక్ చేస్తానంటున్నాడు. సౌత్ రిమ్, వెస్ట్ రిమ్ అని రెండున్నాయట. మావారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఏది తీసుకోమంటారు?
— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జ: గ్రాండ్ కాన్యన్ అరిజోనా రాష్ట్రంలోని పెద్ద లోయ, రిమ్ అంటే దాని అంచు. టికెట్ మీద గ్రాండ్ కాన్యన్ అనే ఉంటుంది గానీ, రెండూ ఒకదానికొకటి దూరంగా ఉన్న వేర్వేరు చోట్లు. క్యాలెండర్లలో కనిపించే ఆ రంగురంగుల పొరల లోయ సౌత్ రిమ్‌ది. నేషనల్ పార్కులో ఉంది. వేగాస్ నుంచి దాదాపు 450 కిలోమీటర్లు. అంటే విశాఖలో ఎక్కి విజయవాడ దాటి ఇంకో వంద కిలోమీటర్లు పోయి, అదే రోజు తిరిగి రావడం. పొద్దున్నే బయల్దేరితే హోటల్ చేరేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. అందులో లోయ దగ్గర మీకు దక్కేది మూడు, మహా అయితే నాలుగు గంటలు.

వెస్ట్ రిమ్ సుమారు 200 కిలోమీటర్లే. హువాలపాయ్ అనే ఆదివాసీ తెగవారి భూమి అది. 2007లో తెరిచిన గాజు వంతెన స్కైవాక్ ఉన్నదక్కడే. వంతెన మీదికి ఫోను తీసుకెళ్లనిస్తారో లేదో అక్కడ అడగండి. టికెట్‌లో స్కైవాక్ కలిసి ఉందో లేదో ముందే చూసుకోండి.

మోకాళ్లకు సౌత్ రిమ్‌లో నడక ఇబ్బంది కాదు. మేథర్ పాయింట్ నుంచి యావపాయ్ పాయింట్ దాకా కిలోమీటరు పైచిలుకు చదునైన సిమెంటు బాట ఉంది, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. ఇబ్బందల్లా పది గంటలు సీట్లో ముడుచుకు కూర్చోవడమే. కాబట్టి నడవా పక్క సీటు అడగండి, బస్సు ఆగిన ప్రతిచోటా ఆయన్ని దింపి నాలుగడుగులు వేయించండి. లోయ కోసమే వెళ్తుంటే మా ఓటు సౌత్ రిమ్‌కే. అంతసేపు కూర్చోలేనంటే మాత్రం వెస్ట్ రిమ్‌తో సరిపెట్టుకోండి.

డబ్బు సంగతి ఒకటి. 2026 జనవరి 1 నుంచి అమెరికా నివాసులు కాని, 16 ఏళ్లు నిండినవారికి నేషనల్ పార్కు ప్రవేశానికి మనిషికి 100 డాలర్లు అదనం. ఇది టూర్ ధరలో కలిసిందా, గేటు దగ్గర కట్టాలా అన్నది రాతపూర్వకంగా అడగండి. వెస్ట్ రిమ్‌కు ఈ రుసుము లేదు.

ప్ర: శాకాహారులం. భోజనం, బట్టలు, మందుల సంగతేమిటి?
— సీతమ్మధార

జ: చాలా టూర్లలో ఇచ్చేది అట్టపెట్టెలో శాండ్‌విచ్. చెప్పకపోతే అందులో టర్కీ కోడి మాంసం ఉంటుంది. వెజిటేరియన్ అని చెప్పినా మయొనైజ్‌లో గుడ్డు ఉండొచ్చు. పులిహోర కట్టుకెళ్లడం ఉత్తమం. సౌత్ రిమ్ ఎత్తు సుమారు 2,100 మీటర్లు, అరకు ఎత్తుకు రెండింతలకు పైమాటే. ఆయాసం, తలనొప్పి రావచ్చు. నెమ్మదిగా నడవండి, నీళ్లు తాగుతూ ఉండండి. ఖాళీ సీసా ఉంటే అక్కడ ఉచితంగా నింపుకోవచ్చు. వేగాస్‌లో వేడిగా ఉందని స్వెటర్ వదిలేసి వెళ్లకండి. బీపీ, షుగరు మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి.

ప్ర: గైడు చెప్పిన టైముకు రాకపోతే బస్సు వెళ్లిపోతుందా?
— గాజువాక

జ: కొద్దిసేపు చూస్తారు, తర్వాత వెళ్లిపోతారు. పొరపాటు ఎక్కువగా గడియారం దగ్గరే జరుగుతుంది. వేగాస్ ఉన్న నెవాడాలో మార్చి నుంచి నవంబరు మొదటివారం దాకా గడియారం గంట ముందుకు జరుపుతారు. లోయ ఉన్న అరిజోనాలో చాలావరకు జరపరు. అందుకని వేసవిలో రెండుచోట్లా ఒకటే టైము, చలికాలంలో అరిజోనా గంట ముందుంటుంది. దారిలో వచ్చే హూవర్ డ్యామ్ ఈ రెండు రాష్ట్రాల సరిహద్దు మీదే ఉంది. నీళ్లలో నిలబడ్డ దాని టవర్ల మీద ఒకవైపు నెవాడా టైము, ఇంకోవైపు అరిజోనా టైము చూపించే గడియారాలుంటాయి. ఫోను తనంతట తనే మారుతుంది, చేతి వాచీ మారదు. దిగేటప్పుడు "ఏ టైము ప్రకారం?" అని గైడునే అడిగి, బస్సు నంబరు ఫొటో తీసుకోండి. పార్కింగులో అన్నీ ఒకేలాంటి తెల్ల బస్సులే.

ప్ర: కిందికి దిగి లోయలో పారే కొలరాడో నదిని తాకి రావచ్చా?
— మధురవాడ

జ: ఒక్కరోజు టూర్‌లో కుదరదు. లోతు దాదాపు 1,600 మీటర్లు. నదిదాకా దిగి అదే రోజు ఎక్కే ప్రయత్నం చేయొద్దని పార్కువాళ్లే బోర్డులు పెట్టారు. దిగడం తేలికగానే ఉంటుంది, ఎక్కడానికి రెట్టింపు సేపు పడుతుంది. పైగా వేసవిలో అడుగున ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సరదా తీరాలంటే బ్రైట్ ఏంజెల్ బాటలో మొదటి సొరంగం దాకా దిగి వెనక్కి తిరగండి. కొలరాడో నది మీద పడవ ఎక్కాల్సిందేనంటే వెస్ట్ రిమ్‌లో హెలికాప్టర్‌లో దింపి తిప్పుతారు, దాని ఖర్చు వేరే.